తువ్వాల కింద చెయ్యి

మొదటి విడత మెడికల్ సీట్లు ప్రకటించిన రోజు ప్రియదర్శినికి ఎక్కడా సీటు రాలేదు. హిందూపురంలో తాతల నాటి నుంచి పట్టుదారం అంగడి నడుపుతున్న ఆ ఇంట్లో దానికి ఎవరూ ఏడవలేదు, ఎవరూ అన్నం మానలేదు. తాత వెంకటరామయ్య కళ్ళజోడు తీసి పెట్టెలో పెట్టుకుంటూ, "మొదటి ధరకే సరుకు చేతికిస్తారామ్మా ఎవురన్నా" అన్నాడు. నాయన మనోహర్ ఏదో పని ఉందని బెంగుళూరు పోయాడు. ఆ వారంలోనే ఇంకో కబురు తెలిసింది. ఆ అంగడిలోనే పట్టు కొని చీరలు నేసే ధర్మవరం కుళ్ళాయప్ప కూతురు మాధవీలతకు సీటు వచ్చింది. ఆమె ర్యాంకు ప్రియ ర్యాంకు కంటే చాలా వెనక. ఇద్దరూ ఒకే కోచింగులో, ఒకే బల్ల మీద కూర్చుని చదివారు. రెండో విడతకు కాలేజీలు ఎంచుకునే గడువు ముగిసేది ఈ సాయంత్రమే. పొద్దున్నే రైలెక్కి ధర్మవరంలో దిగింది ప్రియ. స్నేహితురాలిని అభినందించి వస్తానని ఇంట్లో చెప్పింది. దారంతా తనకు తాను కూడా అదే చెప్పుకుంది.

ఆమె గడపలో అడుగు పెట్టగానే మగ్గం చప్పుడు ఆగిపోయింది. కుళ్ళాయప్ప మగ్గం గుంటలోంచి కాళ్ళు పైకి తీసుకుని లేచాడు. ఆ ముఖంలో సంతోషం ఉంది, దాన్ని ఎక్కడ దాచాలో తెలియని ఇబ్బందీ ఉంది. కూతురికి సీటొచ్చినందుకు సావుకారి మనవరాలి ముందు తప్పు చేసినవాడిలా నిలబడ్డాడు.

"రా పాపా, ఈడ కూర్చో. తీపి గూడా చేయలేదు మేము. నీకూ వచ్చినాక రెండిళ్ళకూ ఒకేసారి పంచుకుందాంలే అని."

"నాకు రాకుంటే మీరు ఎప్పటికీ తీపి తినరా మామా?"

కుళ్ళాయప్ప నవ్వాలా వద్దా అని కూతురి వైపు చూశాడు. మాధవీలత లోపలి నుంచి వస్తూనే, "నువ్వు పోయి నేసుకో నాయనా. ఆ యమ్మ నన్ను కొట్టనీకి వచ్చింది, నిన్ను గాదు" అంది.

ఇద్దరూ మిద్దె మెట్ల మీద కూర్చున్నారు. ప్రియ అభినందనలు చెప్పింది. ఆ మాట నోట్లోంచి బాగానే వచ్చింది. ఆ తర్వాత ఏం మాట్లాడాలో తెలియక, ఎండలో ఆరేసిన ఎర్రటి పట్టుదారం చిలపల వైపు చూస్తూ ఉండిపోయింది. మాధవీలతే అడిగింది.

"ఎన్ని కాలేజీలు పెట్టినావు?"

"మూడు."

"మూడు పేజీలా?"

"మూడు కాలేజీలు."

మాధవీలత అది వేళాకోళం అనుకుని నవ్వింది. ప్రియ ముఖం చూసి నవ్వు ఆపేసింది. "మూడా ప్రియా? నేను ఉండేవన్నీ పెట్టినా. రాష్ట్రంలో ఒక్కటి గూడా వదల్లేదు. శ్రీకాకుళం యాడుండాదో మ్యాపులో చూసుకోని మరీ పెట్టినా. ఆడే వచ్చింది."

"మా ఇంట్లో..." అని ఆగిపోయింది ప్రియ. ఇంట్లో అనుకున్న మాట స్నేహితురాలి ఎదురుగా అనలేకపోయింది.

మాధవీలతే ఆ మాటను అందుకుంది. "వాళ్ళకు రిజర్వేషన్ ఉండాది, అందుకే వచ్చింది అనుకుంటాండారు మీ ఇంట్లో. ఉండాది, నేను లేదంటానా. కానీ నీకు రానిది దానివల్ల గాదు. ఇది చూడు." ఫోను తీసి మొదటి విడత వివరాలు తెరిచింది. వేలితో జరుపుతూ ఒకచోట ఆపింది. ప్రియ కేటగిరీలోనే, ప్రియ కంటే వెనక ర్యాంకు ఉన్న అబ్బాయికి సీటు వచ్చింది. ఇంకొంచెం కిందికి జరిపితే ఇంకో అమ్మాయి. ఆ కింద ఇంకొకరు. అందరికీ వచ్చినవి ప్రియ పెట్టని కాలేజీలే.

"నువ్వు అడగలేదు, వాళ్ళు ఇయ్యలేదు. అంతే."

మెట్ల కింద మగ్గం మళ్ళీ మొదలైంది. ఇన్నాళ్ళూ ప్రియ తన ర్యాంకు చాలలేదనే అనుకుంది. ఆ దుఃఖానికి అలవాటు పడింది కూడా. ఇప్పుడు ఆ దుఃఖం కిందనుంచి ఇంకేదో లేస్తోంది. అది కోపం కాదు. సీటు ఇంకా అక్కడే ఉందన్న కబురు. పోయిందనుకున్న వస్తువు ఇంట్లోనే ఉందని తెలిసినప్పుడు మనిషి ముందు వెతకడు, ముందు లేచి నిలబడతాడు. ప్రియ లేచి నిలబడింది.

"నీకు అన్నీ పెట్టాలని ఎవురు చెప్పినారు?"

"చెప్పేదేముండాది?" అంది మాధవీలత. "మగ్గం మీద చీర కోసినాక మా నాయన దాన్ని ఇంట్లో పెట్టుకోగలడా? మీ అంగడి గాకుంటే ఇంకో అంగడి. ఎవురు తీసుకుంటే వాళ్ళకే. వద్దు అనే అలవాటు మాకు యాడొస్తాది."

వద్దు అనే అలవాటు. ప్రియ ఆ మాటను లోపలే తిప్పి చూసుకుంది. ఆమెకు నడక వచ్చిన నాటి నుంచి నేర్పింది అదే. తిరునాళ్ళలో బొమ్మల అంగడి ముందు తాత ఆమె చెవిలో చెప్పేవాడు, నీకు కావాల్సిన బొమ్మ వైపు చూడొద్దు, పక్కదాన్ని చూడు, కావాలన్నది కళ్ళల్లో కనబడితే ధర పెరుగుతాది అని. ఆమె పక్క బొమ్మనే చూసేది. ఎంత బాగా చూసేదంటే, ఒక్కోసారి ఇంటికి ఆ పక్క బొమ్మే వచ్చేది. ఏడుస్తే ఆత్రం బయటపడుతుందని ఏడ్చేది కూడా కాదు.

ఇంటి దగ్గర ఇంకో ఆట ఉండేది. తాత వయసులో ఉన్నప్పుడు పట్టు బేరాలు నోటితో చేసేవాళ్ళు కాదట. కొనేవాడు, అమ్మేవాడు చేతులు కలిపి, పైన తువ్వాల కప్పేవాళ్ళు. లోపల వేళ్ళు నొక్కి ధర చెప్పుకునేవాళ్ళు. చుట్టూ ఎంతమంది ఉన్నా ఎవడికి ఎంత కావాలో ఇంకొకడికి తెలియదు. తాత ఒళ్ళో కూర్చుని ప్రియ ఆ ఆట ఆడేది. బెల్లం ముక్కకు ఒక వేలు, జంతికకు రెండు. ఆటకు ఒకటే నియమం. తువ్వాల బయటికి వచ్చిన చెయ్యి మళ్ళీ లోపలికి పోకూడదు. ఒప్పుకుంటేనే బయటికి తియ్యాలి, తీశాక మాట మారకూడదు.

మొదటి విడతకు కంప్యూటరు ముందు కూర్చుని మూడు పెద్ద కాలేజీలు పెట్టి ఆపేసినప్పుడు, తాత పక్కన నిలబడి "చాలు" అన్న మాట నిజం. కానీ ఆయన అనకముందే తన చెయ్యి ఆగిపోయిందని ప్రియకు ఇప్పుడు గుర్తొస్తోంది. చిన్న ఊళ్ళ పేర్లు ఒక్కొక్కటే చేరుస్తుంటే, అంగడి ముందు చెయ్యి చాపి నిలబడ్డట్టు సిగ్గేసింది.

"ఇప్పుడే మారుస్తా" అంది. ఫోను తీసి సైటు తెరిచింది. లోపలికి పోవాలంటే ఓటీపీ కావాలి. అది తాత ఫోనుకు వెళ్తుంది. అంగడికి సంబంధించిన అన్నిటికీ ఇచ్చినట్టే దీనికీ తాత నంబరే ఇచ్చారు.

తాత పెనుకొండలో ఉన్నాడు. ఆయన తమ్ముడి కూతురు సుజాత ఇవాళ అక్కడ కొత్త ఇంట్లో చేరుతోంది. ఫోను చేస్తే వెనక సన్నాయి వినబడింది.

"తాతా, నీ ఫోనుకు ఒక నంబరు వస్తాది. చెప్పు చాలు."

"దేనికమ్మా?"

"కాలేజీలు మార్చాల. ఇంకా చాలా పెట్టాల."

"ఇట్లాంటివి ఫోన్లో మాట్లాడుకుంటారా యాడన్నా? ఎదురుగా రా" అని తాత ఫోను పెట్టేశాడు.

ప్రియ మెట్లు దిగుతుంటే మాధవీలత వెనకే వచ్చింది. "నేనూ వస్తా. నువ్వు ఒక్కదానివే పోతే మళ్ళీ మూడు దగ్గరే నిలబడిపోతావు." కుళ్ళాయప్ప మగ్గంలోంచి తల ఎత్తి, "సావుకారి ముందర నోరు లేపొద్దు పాపా" అన్నాడు కూతురితో. "ఆ యప్ప పట్టు ఇయ్యకుంటే నేను ఈడ కూర్చోని గాలి నెయ్యాల."

"లేపను నాయనా. ప్రియ లేపుతాది" అంది మాధవీలత.

పెనుకొండ బస్సులో కిటికీ పక్కన కూర్చుంది ప్రియ. అరచేతులు చెమట పట్టాయి. ఇది భయమేనా అని తనను తాను తరచి చూసుకుంది. పరీక్ష రోజు ఇలా లేదు. ఫలితాల రోజూ ఇలా లేదు. ఆ రెండు రోజులూ ఏదో తన మీదికి వస్తున్నట్టుండేది. ఇవాళ తానే దేని మీదికో పోతోంది. కొండ మీద కోట గోడలు కనబడేసరికి, నవ్వుతున్నానని ఆమెకే ఆశ్చర్యమేసింది.

కొత్త ఇంట్లో రంగు వాసన, హోమం పొగ వాసన కలిసి ఉన్నాయి. ముందర షామియానా కింద బంధువులు భోజనాలు ముగించి తాంబూలం వేసుకుంటున్నారు. వెంకటరామయ్య మధ్యలో కుర్చీలో కూర్చున్నాడు, భుజం మీద ఎప్పటి తెల్ల తువ్వాల. సుజాత ఎదురొచ్చింది.

"రామ్మా డాక్టరమ్మా. సీటు రాలేదంట గదా. పోనీలే, డాక్టరు గాకుంటే డాక్టరుకు పెళ్ళామైతావు."

"ముందు నీళ్ళియ్యత్తా" అంది ప్రియ. మాధవీలత చెప్పులు విడిచే చోటే నిలబడిపోయింది.

తాత పక్కనున్న కుర్చీ ఖాళీ చేయించాడు. ప్రియ కూర్చుని గొంతు తగ్గించి అంతా చెప్పింది. తన వెనకవాళ్ళకు సీట్లు రావడం, తాను పెట్టకపోవడం, సాయంత్రంతో గడువు ముగియడం. ఆయన వక్కపలుకు నములుతూ విన్నాడు.

"ఆత్రం చూపిస్తాండావు."

"ఆత్రం చూపిస్తే ధర పెరుగుతాది. తెలుసు తాతా. కానీ ఎదురుగా కూర్చున్నోడు ఎవురు ఈడ? కంప్యూటరు. దానికి నా కళ్ళు కనపడవు. అది బేరమాడదు. నేను పెట్టింది చదువుతాది, పెట్టనిది నాకొద్దు అనుకుంటాది."

వెంకటరామయ్య నమలడం ఆపాడు. ఇన్నేళ్ళ వ్యాపారంలో కళ్ళు లేని బేరగాడు ఆయనకు ఎదురుపడలేదు. ఆ సంగతి ఆయన లోపలికి దిగుతుండడం ప్రియకు కనబడింది. అయినా ఆ ముఖంలో కంగారు లేదు. ఎందుకు లేదో మరుక్షణమే తెలిసింది.

"నీకెందుకమ్మా భయం" అన్నాడు మెల్లగా, పక్కవాళ్ళకు వినబడకుండా. "మీ నాయన బెంగుళూరుకు ఎందుకు పోయినాడనుకుంటివి? ఆడ ఒక కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటు మాట్లాడతాండాడు. ఇది రాకుంటే అది. మనకు దుడ్లు కొత్తగాదు. యాడో దూరంలో మాకు కనపడకుండా ఉండేదానికంటే, మేము పొద్దున పోయి సాయంత్రానికి నిన్ను చూసొచ్చే దూరంలో చదువుకో."

ముందు కలిగింది హాయి. ప్రియ దాన్ని స్పష్టంగా గమనించింది. ఒళ్ళంతా వదులై, భుజాలు దిగి, ఆ కుర్చీలోనే కళ్ళు మూసుకోవాలనిపించింది. ఆ హాయే ఆమెను భయపెట్టింది. ఎందుకంటే అది కొత్తది కాదు. మూడు కాలేజీలు పెట్టి చెయ్యి ఆపేసిన రోజు కూడా ఇదే హాయి ఉంది. పడినా తగలకుండా వెనక పరుపు ఉందని ఎవరూ చెప్పలేదు. అయినా ఆమెకు తెలుసు. ఆ ఇంట్లో పుట్టినవాళ్ళకు చెప్పకుండానే తెలిసేది అదే. వెనక పరుపున్నవాడు దూకేది ఒక రకం, వెనక గోడ ఉన్నవాడు దూకేది ఒక రకం. చెప్పుల దగ్గర నిలబడి, ఎవరూ కూర్చోమనకపోయినా కదలకుండా తన వైపే చూస్తున్న మాధవీలతను చూసింది ప్రియ. తెలివిలో ఇద్దరికీ పెద్ద తేడా లేదు. అడగడంలో ఉంది.

"నాకు నా ర్యాంకుకు వచ్చే సీటే కావాల తాతా."

"అది చిన్న ఊరైతే?"

"అయినా."

వెంకటరామయ్య భుజం మీది తువ్వాల తీశాడు. తన కుడిచేతి మీద పరిచి, ఆమె ముందుకు చాపాడు. కళ్ళల్లో చాలా ఏళ్ళ కిందటి ఆట మెరిసింది. "ఇంతమందిలో వద్దు. ఈడ చెప్పు. ఎంత దూరం పోతావో వేళ్ళతో చెప్పు. నువ్వెంత గట్టిగా నొక్కుతావో చూసి నేను ఒప్పుకుంటా."

అది ప్రేమ అని ప్రియకు తెలుసు. అందుకే చెయ్యి లోపల పెట్టింది. తాత వేళ్ళు వెచ్చగా, గరుకుగా తగిలాయి. ఒక్క వేలు నొక్కితే చాలు, ఎవరికీ తెలియకుండా పని అయిపోతుంది. రేపు రెండో విడతలోనూ రాకపోతే, ఆమె అడిగిందని కూడా లోకానికి తెలియదు. పక్క బొమ్మను చూసినంత సులువు.

చెయ్యి బయటికి తీసింది. తువ్వాల జారి కింద పడింది.

"నాకు ఎంబీబీఎస్ చదవాలని ఉండాది" అంది. గొంతు అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. తాంబూలం వేసుకునేవాళ్ళ చేతులు ఆగాయి. "శ్రీకాకుళమైనా పోతా. దానికంటే దూరముంటే ఆడికీ పోతా. రాకుంటే రాలేదని అందరికీ చెప్తా. కానీ నాకు కావాల. చాలా కావాల."

"ఆడపిల్ల ఇంత నోరేసుకోని కావాల కావాల అంటే ఎట్లమ్మా" అంది సుజాత.

"మగపిల్లోడు అడిగితే ఏమంటుంటివత్తా?"

ఎవరో నవ్వారు. వెంకటరామయ్య వంగి తువ్వాల తీసుకుని, దుమ్ము దులిపి, మళ్ళీ భుజాన వేసుకున్నాడు. మనవరాలి చేతి వైపు చూశాడు, బయటే ఉన్న ఆ చేతి వైపు. తర్వాత జేబులోంచి ఫోను తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు.

"మాధవీ" అని పిలిచింది ప్రియ. మాధవీలత వచ్చి నేల మీద కూర్చోబోతే, వెంకటరామయ్యే ఒక కుర్చీ కాలితో ఇటు జరిపాడు. ఓటీపీ వచ్చింది. సైటు తెరుచుకుంది. మాధవీలత కాలేజీల పేర్లు హాజరు పిలిచినట్టు ఒక్కొక్కటే చదువుతోంది, ప్రియ ఒక్కొక్కటే చేరుస్తోంది. మొదటి నాలుగైదు పేర్లకు ఆ పాత సిగ్గు వేళ్ళ దగ్గర అడ్డం పడింది. తర్వాత ఎక్కడ పోయిందో తెలియలేదు.

"శ్రీకాకుళమంటే యాడుండాది పాపా?" అని అడిగాడు తాత.

"ఒడిశా పక్కన తాతా."

"అంత దూరంలో మన అన్నం దొరుకుతాదా?"

"ఆ ఊర్లో వాళ్ళు గూడా ఏదో ఒకటి తింటారు గదా తాతా" అంది మాధవీలత, నాయన హెచ్చరిక మరిచిపోయి. వెంకటరామయ్య గట్టిగా నవ్వాడు. ఆ నవ్వుకు సుజాత కూడా నవ్వింది.

చివరి పేరు అయ్యింది. ప్రియ నొక్కింది. తెర మీద చక్రం తిరిగింది, తిరిగింది, ఆగింది. మీ ఎంపికలు నమోదయ్యాయి. మాధవీలత ఆమె భుజం పట్టుకుని ఊపేసింది. ప్రియకు కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి, వాటిని దాచలేదు. జీవితంలో మొదటిసారి, కావాల్సిన బొమ్మనే చూస్తూ నిలబడింది.

ఆమె చేతిలోనే తాత ఫోను మోగింది. మనోహర్. ఎత్తే తొందరలో ప్రియ వేలు స్పీకరు మీద పడింది.

"నాయనా, కుదిరింది" అంది మనోహర్ గొంతు, తాతే ఎత్తాడనుకుని, పరుగెత్తుకుంటూ వచ్చినవాడి ఆయాసంతో. "సీటు ఖాయం. ఇంకొకడు ఎదురుగానే కూర్చోనుండాడు, నేను లేస్తే వాడికే ఇస్తారు. అందుకే నీ పేరు చెప్పి మాట ఇచ్చేసినా. హిందూపురం వెంకటరామయ్య మాట అంటే ఈడ గూడా తెలుసు వీళ్ళకు. పాపను తీసుకోని రేపు పొద్దున్నే రా. పాపకు చెప్పు, ఇంక ఆ కౌన్సెలింగు సంగతి వదిలెయ్యమని."

షామియానా కింద అందరూ విన్నారు. రెండో విడతలో సీటు వస్తుందో రాదో ఎవరికీ తెలియదు. దీన్ని వదులుకున్నాక అది రాకపోతే, చేతిలో ఏ సీటూ ఉండదు. వెంకటరామయ్య తన జీవితంలో ఇచ్చిన మాట తిప్పుకున్నాడని హిందూపురం సంతలో ఎవరూ అనలేదు. ఇప్పుడు ఆ ఇంటి నుంచి రెండు చేతులు తువ్వాల బయట ఉన్నాయి, కొడుకుదొకటి, మనవరాలిదొకటి. రెండూ ఆయన నేర్పినవే.

"నాయనా, వింటాండావా? రేపు వస్తామని చెప్పేదా వీళ్ళకు?"

తాత ఫోను వైపు చూడలేదు. ప్రియ కళ్ళల్లోకి చూశాడు. ఆ కళ్ళల్లో ఏముందో చదవడానికి ఇవాళ ఆయన కష్టపడాల్సిన పని లేదు. మెల్లగా చెయ్యి చాపి, ఫోను ఇమ్మన్నాడు.

ప్రియ ఇవ్వలేదు. ఫోనును తన నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"నాయనా, నేను ప్రియను" అంది.